రొమాంటిక్ సస్పెన్స్ నవలను టీవీ సినిమాగా మలచడం: హైదరాబాద్ రచయితలకు సమగ్ర మార్గదర్శి

ప్రేమకథలో ఓ హత్య కలిపితే రొమాంటిక్ సస్పెన్స్ అయిపోతుందని మొదలుపెట్టిన స్క్రిప్టులు చాలావరకు సగంలోనే నీరసపడతాయి. ఈ తరహా కథలో ప్రేమా భయమూ ఒకే మనిషి మీద ఉండాలి. ఆ అమ్మాయి ఎవరిని చూసి మురిసిపోతోందో అతన్ని చూసే గుండెలు అరచేతిలో పెట్టుకోవాలి. "ఇతన్ని నమ్మొచ్చా?" అన్న ప్రశ్న తీసేస్తే ఒకపక్క డ్యూయెట్, ఇంకోపక్క పోలీసు విచారణ మిగులుతాయి. పాత్రలు తగ్గించండి, ఊరు మార్చండి, అవసరమైతే ముగింపూ మార్చండి. ఆ ప్రశ్న మాత్రం మొదటి పది నిమిషాల్లో పుట్టాలి, చివరి పది నిమిషాల దాకా తేలకూడదు. ఈ గైడ్‌లో ఉన్నదంతా దాన్ని కాపాడుకునే పనే.

అమెరికాలో ఇది ఎప్పటినుంచో నడుస్తున్న వ్యాపారం. లైఫ్‌టైమ్ ఛానల్ అక్కడి రచయిత్రి నోరా రాబర్ట్స్ నవలలతో 2007లో నాలుగు, 2009లో ఇంకో నాలుగు టీవీ సినిమాలు ప్రసారం చేసింది. రెండు గంటల స్లాట్, సుమారు గంటన్నర కథ, మిగతాది ప్రకటనలు: ఇదీ అక్కడి కొలత. మన దగ్గర ముడిసరుకుకు లోటేమీ లేదు. 1970, 80ల్లో వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన నవలల్లో సగం ఈ బాపతే. దూరదర్శన్ రోజుల్లో టెలీఫిల్మ్ అన్నాం, ఇప్పుడు ఛానల్ ఒరిజినల్ అనో ఓటీటీ ఒరిజినల్ అనో అంటున్నాం. పేరేదైనా స్క్రిప్టు పని ఒకటే.

1. నవల ఎంచుకోవడం

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో వెతకండి. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లి, అఫ్జల్‌గంజ్ గ్రంథాలయాల్లోనూ చూడండి. పాత వారపత్రికల బైండ్లు దొరికితే నవల మొదట సీరియల్‌గా ఎలా వచ్చిందో తెలుస్తుంది. అది తర్వాత మనకు చాలా పనికొస్తుంది.

నవల నచ్చగానే సరిపోదు. ముందు చివరి అధ్యాయం చదివేసి, తర్వాత మొదటినుంచి చదవండి. హంతకుడెవరో తెలిశాక కూడా పేజీ తిప్పాలనిపిస్తే ఆ కథ తెరమీద నిలుస్తుంది. ఎందుకంటే రిపీట్ ప్రసారంలో సగం మందికి ముగింపు ముందే తెలిసిపోయి ఉంటుంది.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. రహస్యాన్ని దాచింది పాత్రా, రచయితా? కొన్ని నవలల్లో విలన్ మనసులోని మాటలు కూడా రాస్తారు, కానీ అసలు విషయం మాత్రం తెలివిగా తప్పిస్తారు. కాగితం మీద ఆ ఆట చెల్లుతుంది. కెమెరా ముందు అతను ఒంటరిగా కూర్చున్న సీన్ పెడితే, అతని ముఖంలో ఏదో ఒకటి కనబడి తీరాలి. ఏమీ కనబడకపోతే చివర్లో ప్రేక్షకుడు మోసపోయానని తిడతాడు. అలాంటి అధ్యాయాలన్నీ ఎత్తేస్తే కథ నిలుస్తుందా అని చూసుకోండి. నిలవకపోతే ఆ నవల వదిలేయండి, ఎంత పేరున్నదైనా సరే.

ఇంకోటి, పాత నవలల హీరో. పొగరు, ఈసడింపు, అప్పుడప్పుడూ ఓ చెంపదెబ్బ. అప్పట్లో అదంతా ప్రేమ కింద జమయింది. ఇవాళ చూసేవాళ్లు ఒప్పుకోరు. అయితే దాన్ని పూర్తిగా తుడిచెయ్యకండి. అనుమానానికి అదే మంచి ఆధారం. "ఇంత కోపం ఉన్నవాడు ఏమైనా చేసి ఉంటాడేమో" అన్న భయంగా దాన్ని మార్చుకోండి. చెంపదెబ్బ మాత్రం తీసెయ్యండి. అది ఉంటే అతను నిర్దోషి అని తేలినా ఆమె అతని దగ్గరికి తిరిగి వెళ్లడం ఎవరికీ మింగుడుపడదు.

2. హక్కులు: స్క్రిప్టుకు ముందే

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. అంటే 70, 80ల నవలలు దాదాపు అన్నీ ఇంకా ఎవరో ఒకరి సొత్తే. రచయిత లేకపోతే వారసులను కలవాలి. ఒక్కరు సంతకం పెడితే చాలనుకోవద్దు, వారసులందరి చేతా పెట్టించండి. పత్రికలో సీరియల్‌గా వచ్చినంత మాత్రాన సినిమా హక్కు పత్రికదైపోదు. రచయిత దాన్ని రాసివ్వకపోతే అది రచయిత దగ్గరే ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆడవాళ్ల పేర్లతో మగవాళ్లు నవలలు రాసిన కాలం అది. అట్ట మీది పేరును నమ్మి అడ్వాన్సు ఇచ్చే ముందు, రాసిందెవరో పబ్లిషర్ ద్వారా రూఢి చేసుకోండి.

ఒప్పందం రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కేస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. ఓటీటీలో అమెరికా తెలుగువాళ్లు చూడాలంటే "ప్రపంచమంతటా" అన్న మాట ఉండి తీరాలి. హక్కు రాయించుకుని ఏడాదిలోపు వాడకపోతే, వేరే షరతు లేనప్పుడు, ఆ హక్కు తిరిగి వెళ్లిపోతుంది. మన దగ్గర ప్రాజెక్టు ఓకే కావడానికే ఏడాది పడుతుంది కాబట్టి ఈ గడువు సంగతి విడిగా రాయించుకోండి. టీవీ, ఓటీటీ, డబ్బింగ్, రీమేక్ పేరుపేరునా రాయాలి. ఆ నవల సినిమా హక్కు ఎప్పుడో ఓ నిర్మాతకు అమ్మి ఉంటే ఆ పాత కాగితం చూడందే ముందుకు పోవద్దు.

డబ్బు తక్కువగా ఉంటే మొత్తం కొనకండి. కొంత అడ్వాన్సు ఇచ్చి ఏడాది, ఏడాదిన్నర పాటు "వేరేవాళ్లకు ఇవ్వం" అన్న ఒప్పందం చేసుకోండి. ఛానల్ ఒప్పుకున్నాక మిగతాది కట్టండి. ముగింపు మార్చే ఉద్దేశం ఉంటే దాచకుండా చెప్పి, ఒప్పందంలోనే రాయించండి. రచనను వక్రీకరించి పేరు చెడగొట్టారని అభ్యంతరం చెప్పే హక్కు, హక్కులన్నీ అమ్ముకున్న తర్వాత కూడా రచయితకు ఉంటుంది.

3. ఎవరికి ఏం తెలుసు

ఇప్పుడు నవలను విప్పాలి. ఒక్కో సంఘటనకు ఒక్కో కార్డు రాసుకోవడం అందరూ చేసేదే. ఈ తరహాకు దానికంటే పనికొచ్చేది మూడు గళ్ల పట్టిక. మొదటి గడిలో హీరోయిన్‌కు తెలిసింది, రెండో గడిలో హీరోకు తెలిసింది, మూడో గడిలో ప్రేక్షకుడికి తెలిసింది. ప్రతి సీన్ తర్వాత ఈ మూడూ నింపండి.

ఓ ఉదాహరణ కల్పించుకుందాం. వసుధ బ్యాంకులకు ఆస్తుల విలువ కట్టే ఇంజినీర్. డాక్టర్ శ్రీకర్‌ను ప్రేమించి పెళ్లి చేసుకుంది. మారేడుపల్లిలో వాళ్ల పాత బంగళా. పెళ్లైన మూడు నెలలకు, ఇంటి కాగితాల్లో శ్రీకర్ వ్యాపార భాగస్వామి సంతకం ఆమె కంట పడుతుంది. ఆ భాగస్వామి కనబడకుండా పోయి రెండేళ్లు. సంతకం కింద తేదీ మాత్రం అతను పోయిన తర్వాతిది.

ఈ సీన్ దగ్గర పట్టిక చూడండి. వసుధకూ మనకూ సంతకం గురించి తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి శ్రీకర్‌కు తెలియదు. ఇక్కణ్ణుంచి అతను ప్రేమగా అనే ప్రతి మాటకూ రెండర్థాలు వస్తాయి. "ఈ ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్లనివ్వను నిన్ను" అని నవ్వుతూ అన్నా చాలు. మూడు గడుల్లోనూ ఒకే విషయం ఉన్న సీన్లు వరసగా మూడొచ్చాయంటే అక్కడ కథ చప్పబడిందని లెక్క. ఒకటి కొట్టేయండి, లేదా ఎవరో ఒకరి దగ్గర ఏదో ఒకటి దాచండి.

4. బ్రేకుల లెక్క

కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్, 1994లో రాసుకున్న పరిమితి గంటకు 12 నిమిషాల ప్రకటనలు. పది నిమిషాలు వ్యాపార ప్రకటనలకు, రెండు ఛానల్ సొంత ప్రచారానికి. ఆ లెక్కన రెండు గంటల స్లాట్‌లో మన చేతికి వచ్చేది 96 నిమిషాలు. ఆరు బ్రేకులనుకుంటే కథ ఏడు ముక్కలవుతుంది. మొదటి ముక్కకు 20 నిమిషాలు ఇవ్వండి. ఇద్దరి మీదా ఇష్టం కలిగాకే బ్రేక్ రావాలి. తర్వాతివి 12, 13 నిమిషాల చొప్పున. చివరికొచ్చేకొద్దీ చిన్నవి చేయండి. సినిమా రచయితలకు ఇంటర్వెల్ బ్యాంగ్ ఒక్కటే అలవాటు. ఇక్కడ ఆరు కావాలి, అన్నీ ఒకే సైజులో ఉంటే విసుగొస్తుంది.

సీరియల్‌గా వచ్చిన నవలలో ఈ పని సగం అయిపోయి ఉంటుందనిపిస్తుంది. ప్రతి వారం చివరా ఓ కొక్కెం ఉంటుంది కదా. కానీ జాగ్రత్త. "తలుపు తీసి చూసి కెవ్వున అరిచింది" అని ఆపి, పై వారం అది పిల్లి అని తేల్చడం వారపత్రికకు చెల్లింది. చదివేవాళ్లకు వారం రోజుల్లో ఆ కోపం తగ్గిపోతుంది. నాలుగు నిమిషాల ప్రకటనల తర్వాత పిల్లి వస్తే రిమోట్ చేతిలోకి వస్తుంది. అలాంటి ఉత్తుత్తి బెదిరింపు సినిమా మొత్తానికి ఒక్కటి చాలు. అదీ రెండో బ్రేక్ లోపే.

మంచి బ్రేక్‌లో వసుధ నమ్మకం ఒక మెట్టు పైకో కిందకో కదలాలి. సంతకం కనబడటం ఒక బ్రేక్. అతని మీద అనుమానం పూర్తిగా పోవడం కూడా బ్రేకే, అంతా బాగుందనిపించినప్పుడు ఇంకా గంట టైమ్ ఉందని ప్రేక్షకుడికి తెలుసు కాబట్టి. బ్రేక్ నుంచి వచ్చాక మొదటి డైలాగ్‌లో పరిస్థితిని ఓ వాక్యంలో గుర్తుచేయండి. మధ్యలో చేరినవాళ్లు అక్కడే పట్టుబడతారు.

5. మనసులో మాటను పనిలోకి దించడం

నవల బలమంతా ఆమె ఆలోచనల్లో ఉంటుంది. "ఈ చేతులేనా...? కాదు, కాకూడదు" అంటూ రెండు పేజీలు. దాన్ని వాయిస్ ఓవర్‌లో పెట్టడం బద్ధకం. ఆలోచనకు బదులు ఆమె చేసే ఒక పని కావాలి, ఆ పని ప్రేమనూ భయాన్నీ ఒకేసారి చూపాలి. వసుధ కథలో ఓ సీన్ రాసి చూద్దాం.

లోపల. మారేడుపల్లి ఇల్లు, డైనింగ్ హాల్. రాత్రి.

శ్రీకర్ భోజనానికి కూర్చున్నాడు. అతని ఫోన్ ఫ్రిజ్ మీద చార్జింగ్‌లో ఉంది.

శ్రీకర్: పొద్దున్నుంచీ క్లినిక్‌లోనే. టీ తాగడానిక్కూడా కుదర్లేదు.

ఫోన్ బర్రుమంది. చారు గిన్నె కోసం అటు తిరిగిన వసుధ కంట పడింది. ఫాస్టాగ్ మెసేజ్. ఔటర్ రింగ్ రోడ్డు టోల్, సాయంత్రం 4.12.

వసుధ: బయటికే వెళ్లలేదా?

శ్రీకర్: ఎక్కడ? కుర్చీలోంచి లేస్తే ఒట్టు.

గరిటె ఒక్క క్షణం ఆగింది. మళ్లీ వడ్డించింది.

వసుధ: ఇంకాస్త వేసుకో. మధ్యాహ్నం కూడా తిని ఉండవు.

అత్తగారు లోపలికి వస్తున్న అలికిడి. వసుధ ఫోన్‌ను బోర్లా తిప్పింది.

ఇందులో ఆమె ఏమీ అనలేదు. కానీ నిజం చెప్పడానికి అతనికి ఇంకో అవకాశం ఇచ్చింది, అతను దాన్ని వాడుకోలేదు. చివర్లో ఫోన్ బోర్లా తిప్పడం దగ్గరే సీన్ అంతా ఉంది. అబద్ధమని తెలిసీ అత్తగారి కంట పడకుండా కాపాడింది. ఇక ఆమె కూడా ఆ అబద్ధంలో భాగస్తురాలే.

టీవీకి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి. ఇంట్లో టీవీ చూసేవాళ్లలో సగం మంది వింటుంటారు, చూడరు. వంటింట్లో మిక్సీ తిరుగుతుంటుంది. కాబట్టి ముఖ్యమైన ఆధారాన్ని ఒకసారి కంటికి, ఇంకోసారి చెవికి అందించండి. పై సీన్ తర్వాత అత్తగారు ఎవరితోనో ఫోన్‌లో "సాయంత్రం మా వాడి కారు చేవెళ్ల దారిలో కనిపించిందా? నువ్వు ఎవర్ని చూశావో వదినా" అంటే చాలు.

ఆ అబద్ధానికి చివర్లో ఇచ్చే కారణం మీద మీ కథ మొత్తం నిలబడుతుంది. శ్రీకర్ ఆ సాయంత్రం వెళ్లింది కనబడకుండా పోయినవాడి తల్లికి డబ్బు ఇవ్వడానికి అనుకోండి. అప్పుడు అబద్ధం కూడా అతని మంచితనంలోంచే పుట్టింది. "నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని" లాంటి కారణం పెట్టారో, గంటన్నర టెన్షన్ నీళ్లపాలు.

6. కాలం మార్చేటప్పుడు

పాత నవలలో సస్పెన్స్ ట్రంక్ కాల్ అందకపోవడం మీద, ఉత్తరం చేతులు మారడం మీద నడిచేది. టెలిగ్రాం 2013 జులైలోనే ఆగిపోయింది. కథను అప్పటి కాలంలోనే ఉంచొచ్చు, కానీ టీవీ బడ్జెట్‌లో 1982 నాటి సికింద్రాబాద్ వీధి చూపించడం కష్టం. ఇప్పటికి మార్చడమే మేలంటాను. అలాగని "సిగ్నల్ లేదు", "చార్జింగ్ అయిపోయింది" అని తప్పించుకోకండి. ఫోన్ పనిచేస్తూనే భయపెట్టాలి. లొకేషన్ షేరింగ్ ఉన్నట్టుండి ఆగిపోవడం, పంపి డిలీట్ చేసిన మెసేజ్, చదివినట్టు నీలం టిక్కులు పడ్డా రాని జవాబు, అపార్ట్‌మెంట్ గేటు యాప్‌లో తనకు తెలియని పేరు మీద ఎంట్రీ. పాత నవలలో దొంగ ఉత్తరం చేసిన పని ఇవి చక్కగా చేస్తాయి.

పోలీసుల విషయంలో చూసేవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న: షీ టీమ్స్ 2014 నుంచీ ఉన్నాయి కదా, ఈమె ఎందుకు చెప్పదు? దానికి కథలోనే జవాబు ఉండాలి. మన వసుధకు ఆ జవాబు ఉంది: చెబితే తను ప్రేమించినవాడే లోపలికి వెళ్తాడు. ఇంకా, పాత నవలలోని "302 సెక్షన్" డైలాగ్ చూసుకోండి. 2024 జులై 1 నుంచి జరిగిన హత్యకు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 103. అంతకుముందు జరిగిన హత్య అయితే 302నే. మీ కథలో హత్య ఎప్పుడు జరిగిందన్నదే ముఖ్యం, విచారణ ఎప్పుడన్నది కాదు.

7. హైదరాబాద్‌లో తీయగలిగేలా రాయడం

హుస్సేన్ సాగర్ బుద్ధుడి మీద డ్రోన్‌తో, చార్మినార్ మీద సూర్యోదయంతో మొదలుపెట్టే స్క్రిప్టులు ఇప్పటికే చాలా ఉన్నాయి. మీరూ అలా మొదలుపెట్టొద్దు.

ఒక్క ఇంటిని పాత్రగా చేసుకోండి. మారేడుపల్లి, సైనిక్‌పురి వైపు పాత బంగళాలు ఇంకా కొన్ని మిగిలాయి. షెడ్యూల్‌లో సగానికిపైగా ఆ ఒక్క ఇంట్లో జరిగేలా సీన్లు రాస్తే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ మీ పక్షాన ఉంటాడు. నవలలో ఊటీ ఎస్టేట్ ఉంటే వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు తెచ్చేయండి. యూనిట్ మొత్తానికి రైలు టికెట్లు, రోజుల తరబడి బస తప్పుతాయి, పొగమంచు దొరికితే లాభం. వర్షం సీన్లు ఒకటి రెండుకు మించకండి. మిగతాచోట్ల కిటికీ బయట చప్పుడు చాలు, భయానికి చప్పుడే ఎక్కువ పనిచేస్తుంది. రాత్రి ఔట్‌డోర్‌ను వీలైనంతవరకు ఇంట్లో రాత్రిగా మార్చండి. బహిరంగ స్థలాల్లో తీసేందుకు పర్మిషన్లు పట్టాలి కాబట్టి, అలాంటి సీన్లు ఎన్ని ఉన్నాయో స్క్రిప్టు చివర ఓ లిస్టు పెట్టండి.

8. మాటలు, హద్దులు

భార్యాభర్తలు ఇప్పటి హైదరాబాద్‌లో "నువ్వు" అనుకుంటారు. అనుమానం ముదిరిన రోజు వసుధ "మీరు భోంచేశారా?" అంటే చాలు, ఇంకో డైలాగ్ అక్కర్లేదు. పనమ్మాయి, వాచ్‌మన్, ఎస్సై ఒకే యాసలో మాట్లాడకూడదు. తెలంగాణ యాసను కామెడీకి మాత్రమే వాడే అలవాటు మానండి. మీ కథలో అందరికంటే తెలివైన మనిషికి ఆ యాస ఇచ్చి చూడండి.

శృంగారం విషయంలో ఇంటిల్లిపాదీ కలిసి చూస్తారన్నది మరవొద్దు. కేబుల్ ప్రోగ్రామ్ కోడ్ ప్రకారం సినిమాకు అందరూ చూడదగ్గదన్న సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. మీ ప్రాజెక్టును ఛానల్ సినిమాగా చూస్తుందా, సొంత కార్యక్రమంగా చూస్తుందా అన్నది వాళ్ల లీగల్ టీమ్‌ను మొదటి సిట్టింగ్‌లోనే అడగండి. 2024 సెన్సార్ రూల్స్‌తో యూఏ (పిల్లలు పెద్దల తోడుతో చూడదగ్గది) సర్టిఫికెట్‌లో 7, 13, 16 ఏళ్ల విభాగాలు వచ్చాయి. ఓటీటీలు 2021 ఐటీ రూల్స్ ప్రకారం తామే వయసు విభాగం ఇచ్చుకుంటాయి. కిటికీ దగ్గర నీడలో సిగరెట్ తాగుతున్న ఆగంతకుడు అన్న షాట్ అసలే వద్దు. తెర కింద "పొగ తాగడం ఆరోగ్యానికి హానికరం" అని పడగానే భయం కాస్తా నవ్వుగా మారిపోతుంది. 2023 సెప్టెంబర్ నుంచి ఓటీటీలకూ ఆ హెచ్చరిక తప్పనిసరి.

9. అమ్మడం

ఒక పేజీ లైన్ (కథ సారాంశం), పది పేజీల ట్రీట్‌మెంట్ (సీన్ల వరసలో కథ), ఆ తర్వాతే బౌండ్ స్క్రిప్ట్ (మాటలతో సహా పూర్తి స్క్రిప్టు). పేజీకి నిమిషం అన్న లెక్క తెలుగులో ప్రతిసారీ కుదరదు. గడియారం పెట్టుకుని పైకి చదివి చూడండి. 96 నిమిషాలు దాటితే మీరే కోయండి, ఎడిటర్ కోసేది మీకు నచ్చదు. స్క్రిప్టును తెలుగు సినీ రచయితల సంఘంలోనో కాపీరైట్ ఆఫీసులోనో నమోదు చేయించండి. కాపీరైట్ ఆఫీసులో సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు. దరఖాస్తు చేశాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి.

ఛానల్ వాళ్లకు నోటితో కథ చెప్పే నెరేషన్‌లో హంతకుడి పేరు చివరిదాకా దాచండి, ట్రీట్‌మెంట్‌లో మాత్రం మొదటి పేరాలోనే రాసెయ్యండి. వినేవాళ్లు కుర్చీ అంచుకు రావాలి. చదివి బడ్జెట్ వేసేవాళ్లకు సస్పెన్స్ అవసరం లేదు. సిట్టింగ్‌లో "హీరో పాత్ర ఇంకా పాజిటివ్‌గా ఉంటే బాగుంటుంది" అన్న సలహా తప్పకుండా వస్తుంది. వాదించకండి. ఫాస్టాగ్ సీన్ ఒక్కటి నటించి చూపించి, అతను మొదటినుంచీ మంచివాడని తెలిస్తే ఈ సీన్ ఏమవుతుందో వాళ్లనే అడగండి.

ఒప్పందంలో చివరిగా టైటిల్ కార్డు సంగతి తేల్చుకోండి. "కథ" కింద నవలా రచయిత పేరు, నవల పేరు విడి కార్డుగా రావాలి. "స్క్రీన్‌ప్లే, మాటలు" అన్నది మీది. ఛానల్ వాళ్లు మొదటి బ్రేక్ ఆలస్యం కాకూడదని టైటిల్స్‌ను చివరికి నెట్టేస్తుంటారు. ఆ రెండు కార్డులు కథ మొదలయ్యే ముందే పడాలని రాయించుకుని సంతకం పెట్టండి.